పద్దెనిమిదో గడి

హెల్మెట్ చేతిలో పట్టుకుని, ఒక కాలు గడపకి అవతల, ఒక కాలు ఇవతల పెట్టి నిలబడిపోయిన తక్కెడని వారం రోజులుగా అలాగే వదిలేశాం. పాపం, కాళ్లు పీకుతూ ఉంటాయి. ఇక లోపలికి రానిద్దాం.

కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. తక్కెడ అంటే మనిషే. టెస్టు ట్రాక్ మీద బళ్లు నడిపి వాటి మంచీ చెడూ తేల్చి చెప్పే డ్రైవరు. ఎవరి మొహం చూసీ ముల్లు అటూ ఇటూ జరపదని ట్రాక్ మీదవాళ్లు ఆమెకి ఆ పేరు పెట్టారు. ఏడేళ్ల కిందట ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయిన ఇంజనీరు, మూడు రోజుల కిందట పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే ఒక హైబ్రిడ్ సూపర్‌కారుని వెంటబెట్టుకుని మళ్లీ ఈ ట్రాక్‌కే వచ్చాడు. ఆ కారు బ్రేకులు అతని చేతి పని. కంపెనీ పెద్దసారు ఫోన్లో పెట్టిన షరతు ఆమె గడపలో నిలబడి విన్నది. తక్కెడ నింపే పరీక్ష షీటులో ఒక్క గడిలో 'మార్చాలి' అని పడితే కారు ఇక్కడే ఆగిపోతుంది. దాన్ని బాగుచేసేదాకా, తక్కువలో తక్కువ ఆరు నెలలు, ఇంజనీరూ ఇక్కడే ఉంటాడు. పడకపోతే సాయంత్రం ఐదింటికి కారు లారీ ఎక్కుతుంది. ఇంజనీరు దాంతోపాటే వెళ్లి, అటునుంచి అటే సముద్రం అవతల కొత్త ఫ్యాక్టరీలో చేరిపోతాడు.

ఒక్క మాట. ఆ మాట రాసే పెన్ను ఆమె జేబులోనే ఉంది.

టైమింగ్ గదిలో బాబాయి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని టీ చల్లార్చుకుంటున్నాడు. బాబాయి అంటే ఆమె నాన్నకి తమ్ముడు. ముప్ఫై ఏళ్లుగా ఈ ట్రాక్‌కి టైము కీపరు. మెడలో స్టాప్‌వాచ్ లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. పెళ్లి ఫొటోలో కూడా ఉందని పిన్ని ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది.

"ఎన్ని గడులయ్యాయమ్మా?" అన్నాడు.

"ఇరవై ఒకటి. ఇంకొక్కటే ఉంది."

"మార్చాలి ఎన్ని?"

"ఒక్కటీ లేదు."

బాబాయి కళ్లజోడు సవరించుకుని షీటు ముందుకి లాక్కున్నాడు. ఈ ట్రాక్ మీద షీటులో రాయడానికి రెండే మాటలున్నాయి. చెడ్డదైతే 'మార్చాలి'. పెద్ద దోషం కాదు, వాడేవాడు ఓర్చుకోగలడు అనిపిస్తే 'సర్దుకోవచ్చు'. బాగున్నదానికి మాటంటూ లేదు. ఆ గడి ఖాళీగా వదిలెయ్యాలి.

"సామాను చోటు, సర్దుకోవచ్చు," పైకి చదివాడు బాబాయి. "ఇదేంటే! ముందు డిక్కీలో చార్జింగు వైరు పెట్టాక చెప్పుల జత కూడా పట్టదు కదా."

"చెప్పులు పెట్టుకోవడానికి ఎవరూ కొనరులే బాబాయ్."

"బరువు, సర్దుకోవచ్చు. అదీ విడ్డూరమే. బ్యాటరీ, మోటార్లు కలిపితే ముగ్గురు మనుషుల బరువట. మామూలు మనుషులు కాదు, మీ పిన్ని అన్నయ్యలాంటి మనుషులు."

ఆమెకి నవ్వొచ్చింది. "ఆ ముగ్గురూ ఊరికే కూర్చోరు. మలుపు మధ్యలో ముందు చక్రాల మోటార్లు బండిని చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతాయి. వెనక ఇంజను ఊపిరి తీసుకునేలోపు అవి పని మొదలుపెట్టేస్తాయి. అంత పనిచేసేవాళ్లు కాస్త బరువుంటే ఉండనీ."

"వరసగా ఐదు రౌండ్లు కొడితే బ్యాటరీ వేడెక్కి మోటార్లు నీరసపడతాయన్నావు కదా, దానికీ సర్దుకోవచ్చే రాశావ్."

"ఐదు రౌండ్లు కొడితే నేనూ నీరసపడతాను. ఇది రోడ్డు మీద తిరిగే బండి. ఐదు రౌండ్లు ఎవడు కొడతాడు?"

బాబాయి ఖాళీ గడులు వేలితో లెక్కపెట్టాడు. పద్నాలుగు ఉన్నాయి. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాడు. "నీ చేత పద్నాలుగు గడులు ఖాళీగా వదిలించిన బండిని నేను ఇంతవరకూ చూళ్లేదమ్మా," అన్నాడు. తర్వాత టీ గుక్కెడు తాగి, కిటికీలోంచి బయటికి చూస్తూ, మాటల్లో మాటగా అన్నాడు. "ఒంటరిగానే ఉన్నాడట."

"ఎవరు?"

"బండి."

"బాబాయ్!"

"అడిగేశాను. ఏం, తప్పా? పొద్దున గేటు దగ్గర కనిపిస్తే, బాబూ పిల్లలెంతమంది అన్నాను. పెళ్లే కాలేదండీ అన్నాడు. మొహం ఇంత చేసుకున్నాడు." షీటు ఆమె ముందుకి తోశాడు. "ఆఖరి గడి ఒక్కటే మిగిలింది. అందులో ఏదో ఒక లోపం కనిపిస్తే ఎవరు మాత్రం ఏమంటారు? పెన్ను నీది."

"పెన్ను నాదే. గడి బండిది," అని ఆమె లేచింది. అంది కానీ, ఆ మాట అంటున్నప్పుడు గుండె తన మాట వినలేదు. ఆరు నెలలు. నూట ఎనభై పొద్దుటి పూటలు. ఆ గేటులోంచి అతను నడిచి రావడం నూట ఎనభై సార్లు చూడొచ్చు. గడపలో నిలబడి ఆ షరతు విన్న క్షణం నుంచీ ఆమె ఈ లెక్కే వేస్తోంది. సిగ్గు లేకుండా వేస్తోంది.

తడిసిన సిమెంటు రంగులో ఉన్న ఆ కారు మన నడుము దాకా కూడా రాదు. తలుపు పైకి లేస్తుంది. కూర్చోవడం అంటే కూర్చోవడం కాదు, బావిలోకి దిగడం. దిగినవాళ్లు హుందాగా పైకి రావడం కూడా కష్టమే. అదీ షీటులో ఉంది. అక్కడా 'సర్దుకోవచ్చు' అనే పడింది.

ఇంజనీరు పక్క సీట్లో అప్పటికే కూర్చుని ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకున్నాడు. ఆఖరి పరీక్ష తక్కువ వేగంలో బ్రేకు. దానికి ఇంజనీరు పక్కనే ఉండి కరెంటు లెక్కలు చూసుకోవాలి. మూడు రోజుల్లో ఇద్దరూ ఒకే బండిలో కూర్చోవడం ఇదే మొదటిసారి. ఈ మూడు రోజులూ ఒకళ్లనొకళ్లు 'మీరు' అనుకున్నారు. అంత పొడుగాటి మీరు ఈ ట్రాక్ మీద ఎవరూ విని ఉండరు.

"బ్యాటరీ మీద తొమ్మిది కిలోమీటర్లు మిగిలిందండీ," అన్నాడు.

"మూడు రౌండ్లు. చాలండి," అంది.

బయల్దేరింది. చప్పుడు లేదు. ఈ కారులో ఆమె ఎవరితోనూ పైకి చెప్పుకోని గొప్పతనం అదే. వెనక ఎనిమిది సిలిండర్ల ఇంజను నిద్రపోతూనే ఉంటుంది, కారు మాత్రం నడుస్తూ ఉంటుంది. మామూలు సూపర్‌కారులో పక్కవాడి అరుపు కూడా వినిపించదు. ఇందులో చక్రాల పైనున్న రేకుకి చిన్న రాళ్లు తగలడం వినిపిస్తోంది. అతను ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. యాక్సిలరేటరు సగం దాటితే ఇంజను లేస్తుంది. ఆమె బొటనవేలు మాత్రమే ఆనించి, పసిపిల్ల పడుకున్న గదిలో నడిచినట్టు నడుపుతోంది. ఈ ఏడేళ్లలో ఎన్ని బళ్లలో, పక్క సీటు ఖాళీగా ఉన్నప్పుడల్లా, ఇతను ఇక్కడ ఉంటే బాగుండునని అనుకుందో ఆమెకే తెలుసు. ఇప్పుడు ఉన్నాడు. అటు చూడటానికి మాత్రం ధైర్యం చాలడం లేదు.

మొదటి మలుపు దాటాక బ్రేకు మీద కాలు వేసింది. ఇలాంటి బళ్లలో బ్రేకు నొక్కగానే ముందు మోటార్లు వేగాన్ని పట్టుకుంటాయి. ఆ వేగమే కరెంటుగా మారి బ్యాటరీలోకి పోతుంది. కారు ఆగబోయేముందు మాత్రం మోటార్లు తప్పుకుంటాయి, మామూలు బ్రేకు చక్రాల్ని పట్టుకుంటుంది. పని చేతులు మారే ఆ క్షణంలో పెడల్ కాలి కింద చిన్నగా అదిరింది. మాట్లాడుతూ మాట్లాడుతూ మనిషి గుటక వేసినట్టు.

"గుటక పడింది," అంది ఆమె.

అనేశాక నాలుక కరుచుకుంది. అది షీటులో ఉండే మాట కాదు. ఏడేళ్ల కిందట, ఈ ట్రాక్ మీదే, వాళ్లిద్దరూ పుట్టించుకున్న మాట.

అతని వేళ్లు ల్యాప్‌టాప్ మీద ఆగిపోయాయి. "నాలుగేళ్లు పట్టింది," అన్నాడు నెమ్మదిగా. "అంత పెద్ద గుటకని ఇంత చేసేసరికి. ఎంతమంది డ్రైవర్లని కూర్చోబెట్టానో లెక్కలేదు. ఒక్కళ్ల కాలికీ తగల్లేదన్నారు. నీ కాలికి తగులుతుందని నాకు తెలుసు."

"మీరు అనడం మానేశావే."

"నువ్వూ మానేశావ్."

ఒక రౌండు అయిపోయింది. కిటికీలో బాబాయి స్టాప్‌వాచ్ పైకెత్తి చూపించాడు. ఆ వేగానికి టైము తీసుకోవాల్సిన పనేమీ లేదు. చూడాలనిపించి చూశాడు.

"ఒకటి అడుగుతాను. జవాబు చెప్పాలి," అంది ఆమె, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఆ రోజు పొద్దున్నే నేను పెట్టె సర్దుకుని వచ్చాను. నువ్వు లేవు. నీ బల్ల ఖాళీ. ఫోను పలకదు. మనిషి అన్నవాడు పోతూ పోతూ ఒక మాట చెప్పి పోతాడు. ఎందుకు చెప్పలేదు?"

"పెట్టె సర్దుకుని వచ్చావా?" అతను ఆమె వైపు తిరిగాడు. "ఎందుకు?"

"ఎందుకేంటి? నీతో వేరే ఊరు రమ్మన్నావు కాబట్టి!"

"రమ్మని అడిగాను. నువ్వు రానన్నావ్."

ఆమె బ్రేకు నొక్కలేదు కానీ కారు ఆగినంత పనైంది. "నేనా?"

"నా చివరి షీటు గుర్తుందా? పదహారు గడులు బండివి. కింద ఇంకో రెండు నా చేత్తో కలిపి నీ లాకర్లో పెట్టాను. పదిహేడు, ఇల్లు. ఒకటే గది, ఆరో అంతస్తు, లిఫ్టు లేదు. పద్దెనిమిది, నేను." అతను గుటక వేశాడు. పెడల్ లాగే. "నోటితో అడిగే ధైర్యం లేక అలా అడిగాను. పదిహేడుకి ఎదురుగా సర్దుకోవచ్చు అని రాశావు. పద్దెనిమిదికి ఎదురుగా ఏమీ రాయలేదు. ఇంటి గురించి రాయడానికి చెయ్యాడింది, నా దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది అనుకున్నాను. కాదని రాయడానికి మొహమాటపడి వదిలేసిందనుకున్నాను. రాత్రంతా ఆ కాయితం చూస్తూ కూర్చున్నాను. పొద్దున నీ మొహం చూడలేక వెళ్లిపోయాను."

రెండో రౌండు సగం దాటింది. డాష్‌బోర్డు మీద నాలుగు కిలోమీటర్లు అని చూపిస్తోంది.

"ఈ ట్రాక్ మీద బాగుంటే ఏం రాస్తాం?" అంది ఆమె.

అతను కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నా. బాగున్నదాని గురించి రాసే తీరిక మనకి లేదు, బాగుంటే గడి ఖాళీగా వదిలెయ్యి అని ఈ రూలు పెట్టిందెవరు? గోడ మీద కాయితం అంటించి, కింద సంతకం పెట్టి, నా చేత మూడుసార్లు చదివించిందెవరు?"

"నేనే," అన్నాడు. ఆ మాట గాలి పోయిన టైరులోంచి వచ్చినట్టు వచ్చింది.

"ఆరు అంతస్తులు రోజూ ఎక్కి దిగాలంటే నాకు కష్టమే. సర్దుకుంటానన్నాను. నీ దగ్గర సర్దుకోవడానికేముంది? మార్చడానికేముంది? అందుకే ఖాళీగా వదిలాను. అంత బాగా జవాబు చెప్పానని మురిసిపోతూ ఇంటికెళ్లి పెట్టె సర్దుకున్నాను!"

అతను రెండు చేతులూ మొహానికి కప్పుకున్నాడు. ఒళ్లో ల్యాప్‌టాప్ జారి కాళ్ల దగ్గర పడింది. దాన్ని ఎవరూ తియ్యలేదు.

"వెతుక్కుంటూ రావొచ్చుగా," అన్నాడు.

"రావొచ్చు. అభిమానం అడ్డొచ్చింది. ఖాళీ గడి చూసి కూడా వెళ్లిపోయాడంటే వీడికి నేనంటే మొహం మొత్తిందనుకున్నాను. నువ్వు నీ రూలు మర్చిపోతావని కల్లో కూడా అనుకోలేదు."

"మర్చిపోలేదు. భయమేసింది. భయమేసినప్పుడు మనిషికి రూళ్లు కనిపించవు."

అన్ని విషయాల్లోనూ నిక్కచ్చిగా ఉండే ఇద్దరు మనుషులు ఒకే ఒక్క విషయంలో నోరు విప్పకుండా కాయితాన్ని నమ్ముకున్నారు. తిట్టాలనిపిస్తుంది కదూ? నాకూ అనిపించింది.

మూడో రౌండులో ఇంకేమీ మాట్లాడుకోలేదు. అతని చెయ్యి సీటు అంచు మీద, ఆమె మోచేతికి బెత్తెడు దూరంలో ఉంది. ఆ బెత్తెడు దూరం ఎవరూ దాటలేదు. డాష్‌బోర్డు మీద అంకె రెండయింది, ఒకటయింది. బ్యాటరీ ఇంకో నాలుగు కిలోమీటర్లు వస్తే ఎంత బాగుండును! ఈ కారులో మార్చాల్సింది ఏదైనా ఉంటే అదే, ఆ బ్యాటరీ ఇంత చిన్నదిగా ఉండటమే అనిపించింది ఆమెకి. సున్నా పడింది. వెనక ఇంజను ఒక్కసారిగా లేచింది. వీపు కింద సీటంతా దడదడలాడింది. ఇక మాటలకి చోటు లేదు.

గేటువైపు తిప్పాల్సిన చోట ఆమె తిప్పలేదు. కాలు పూర్తిగా నొక్కింది. బ్యాటరీలో అడుగున దాచిపెట్టుకున్న కాస్త కరెంటు మోటార్లకి అందింది. నాలుగు చక్రాలూ రోడ్డుని పట్టుకుని ఎగిరినట్టు ముందుకెళ్లాయి. ఆ మలుపులో ఆ బరువంతా ఏమైపోయిందో తెలియలేదు. ఏడుస్తూ నడిపింది. ఆ చప్పుడులో ఏడిస్తే పక్కవాడికి వినిపించదు. ఆ రౌండుకి బాబాయి నిజంగానే టైము తీశాడు. ఈ ట్రాక్ మీద ఇంతవరకూ అంత తక్కువ టైము పడలేదు.

నాలుగున్నరకి లారీ వచ్చి గేటు ముందు ఆగింది. కంపెనీ మనుషులు కారుని వెనక్కి తోలి పలక మీదికి ఎక్కిస్తున్నారు. ఎక్కించడం ఎంతసేపు, షీటు మీద సంతకాలు పడితే తాళ్లు బిగించడమే.

టైమింగ్ గదిలో ఆమె ఆఖరి గడి ముందు పెన్ను పట్టుకుని కూర్చుంది. అతను ఎదురుగా నిలబడ్డాడు. బాబాయి కిటికీ దగ్గర చల్లారిపోయిన టీ తాగుతున్నట్టు నటిస్తున్నాడు.

గుటక ఉంది. అబద్ధం ఆడక్కర్లేదు, ఉన్నదాన్ని కాస్త పెద్దది చేస్తే చాలు. 'మార్చాలి' అన్న మాటలో మూడే అక్షరాలు. మూడక్షరాలకి ఆరు నెలలు. ఇంతకంటే చవగ్గా ఈ లోకంలో ఏదీ దొరకదు. కానీ ఆ గుటక వల్ల ఎవరి ప్రాణమూ పోదు, ఎవరికీ దెబ్బ తగలదు, నూటికి తొంభైతొమ్మిది మందికి అది తెలియను కూడా తెలియదు. నాలుగేళ్లు ఒక మనిషి ఒళ్లొంచి చేసిన పనిని, తన ఒంటరితనానికి మందుగా, చెడ్డదని రాయాలా?

ఆమె రాసింది. 'సర్దుకోవచ్చు.' సంతకం పెట్టి షీటు తిప్పి అతని ముందు పెట్టింది.

అతను చూశాడు. చాలాసేపు చూశాడు. ఇంజనీరు సంతకం పెట్టాల్సిన చోటు కింద ఉంది. అతని పెన్ను మాత్రం ఆ గడి దగ్గరే ఆగింది. ఆమె రాసిన మాట మీద అడ్డంగా గీత గీసి, పక్కన 'మార్చాలి' అని రాశాడు.

"ఏం చేస్తున్నావ్!" ఆమె లేచి నిలబడింది. "అది నీ పనే. నీ చేత్తో నువ్వే..."

"నా పనే. అందుకే నాకు హక్కుంది. గుటక ఉంది కదా? ఏడేళ్లు సర్దుకున్నావ్. ఇంకా సర్దుకో అని రాయడం నా వల్ల కాదు."

"ఆ గడి నా గురించి కాదు, బండి గురించి!"

బాబాయి బల్ల మీద ఫోను మోగింది. పెద్దసారు. సంతకాలు ఇంకా ఎందుకు పడలేదని. బాబాయి తడబడుతూ ఉన్నది ఉన్నట్టు చెప్పేసి, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు.

"ఇద్దరూ రెండు మాటలు రాస్తే నేను దేన్ని నమ్మాలి?" పెద్దసారు గొంతు గదంతా నిండింది. "ఆ ట్రాక్ మీద నడిపినవాళ్ల మాటే చివరిమాట. అమ్మా, నువ్వు చెప్పు. మార్చాలా?"

అతను ఆమె వైపే చూస్తున్నాడు. ఆ చూపులో ప్రాధేయపడటం తప్ప ఇంకేమీ లేదు. అవును అను. ఒక్కసారి అవును అను.

"అక్కర్లేదు సార్," అంది ఆమె. "మంచి బండి. చాలా మంచి బండి. పంపించెయ్యండి."

అతను కళ్లు మూసుకున్నాడు.

ఆమె ఫోను దగ్గర్నుంచి ఒక అడుగు పక్కకి వేసి, అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది. పెద్దసారు వింటున్నాడని తెలుసు. బాబాయి వింటున్నాడనీ తెలుసు. "బండి వెళ్లొచ్చు," అంది. "నువ్వు వెళ్లడానికి వీల్లేదు. నాకు నువ్వు కావాలి. ఉండిపో."

ఫోను ముందుగా తేరుకుంది.

"ఇంజనీరుగారూ," అంది ఆ గొంతు, ఈసారి చాలా నెమ్మదిగా. "అక్కడ కారు దించి, బ్యాటరీ కనెక్షన్లు చూడటం మీకు తప్ప ఎవరికీ రాదు. ఐదింటికి మీరు ఆ లారీలో లేకపోతే కొత్త ఫ్యాక్టరీ సంగతి అటుంచండి, ఏ ఫ్యాక్టరీ గేటూ మీకు తెరుచుకోదు. ఆ కారు మీద మీ పేరు కూడా ఉండదు." పెట్టేశాడు.

గోడ గడియారంలో ఐదుకి మూడు నిమిషాలు తక్కువ. బయట లారీ స్టార్టయింది.

"నేను నోటితో చెప్పేశాను," అంది ఆమె. "ఇప్పుడు చెప్పాల్సింది నువ్వు."

అతను ఆమె మొహంలోకి చూశాడు. పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు. షీటు మీద సంతకం పెట్టాడు, తలుపు తీసుకుని బయటికి నడిచాడు. ఆమె గుమ్మం దాకా వెళ్లేసరికి అతను లారీ దగ్గరికి చేరాడు. డ్రైవరు పక్క సీటు తలుపు తానే తెరిచాడు, మెట్టు మీద కాలు పెట్టాడు, లోపలికి ఎక్కాడు.

ఆమె చూస్తుండగానే తలుపు పడింది. లారీ కదిలింది.